కబడ్డీ రిపోర్టులో ‘నెక్ అండ్ నెక్’ ఎక్కడ పెట్టాలి

తమ్మీ, హనుమకొండ స్టేడియంలో జరిగిన కబడ్డీ మ్యాచ్ మీద రాసిన ఇంగ్లిష్ రిపోర్టులో ‘ఈక్వల్ ఈక్వల్’ అన్నావు కదా, అది తీసెయ్. ఆట నడుస్తుండగా స్కోర్లు పక్కపక్కనే ఉంటే ‘నెక్ అండ్ నెక్’ అను, గుర్రప్పందేల్లో గుర్రాల మెడలు పక్కపక్కనే ఉండటం నుంచి వచ్చిన మాట కాబట్టి ‘ద టీమ్స్ వర్ నెక్ అండ్ నెక్ టిల్ ద లాస్ట్ రెయిడ్’ అంటే సరిపోతుంది. ఆట మొదలవకముందే ఇద్దరూ సమ ఉజ్జీలని చెప్పాలంటే ‘ఈవెన్లీ మ్యాచ్డ్’. చివరికి స్కోరు సమానమైతే మాత్రం ‘టై’ అనాలి: 2019 క్రికెట్ వరల్డ్ కప్ ఫైనల్లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ చెరో 241, సూపర్ ఓవర్లోనూ చెరో 15, ఆఖరికి బౌండరీల లెక్కతో ఇంగ్లండ్ గెలిచింది. గీత దగ్గర ఎవరు ముందో ఫోటో చూసి తేల్చేంత దగ్గరి ముగింపును చెప్పే ‘ఫోటో ఫినిష్’ కబడ్డీకి నాకైతే నచ్చదు, పరుగు పందేలకు ఉంచెయ్.