అమెరికాలో కొత్త నర్సింగ్ హోం కట్టడానికి ప్రభుత్వ అనుమతి ఎందుకు?

స్థలం, పెట్టుబడి ఉన్నా, అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో వృద్ధుల దీర్ఘకాలిక సంరక్షణకు నర్సింగ్ హోం కట్టాలంటే, ఆ ప్రాంతానికి అదనపు పడకలు అవసరమని రాష్ట్ర ప్రభుత్వానికి ముందే నిరూపించి 'సర్టిఫికెట్ ఆఫ్ నీడ్' పొందాలి. వృద్ధుల జనాభా ఎంత, ఇప్పటికే ఉన్న పడకలు ఏ మేరకు నిండుతున్నాయి అన్నవి ఇక్కడ ప్రధానంగా చూస్తారు. 1964లో న్యూయార్క్ చట్టంతో మొదలైన ఈ పద్ధతిని 1974 నాటి ఫెడరల్ చట్టం దేశమంతటికీ విస్తరింపజేసింది. 1980లలో ఆ చట్టం రద్దయినా పలు రాష్ట్రాలు దీన్ని వదులుకోలేదు. అసలు కారణం ఖర్చే. నర్సింగ్ హోంలలో ఉండేవారిలో ఎక్కువమంది బిల్లును తక్కువ ఆదాయం వారికోసం ప్రభుత్వం నడిపే వైద్య పథకం మెడికెయిడ్ భరిస్తుంది కనుక, కొత్త పడక ఖజానాపై కొత్త భారమవుతుంది. పాత సంస్థలకు పోటీ లేకుండా పోతుందన్న విమర్శా ఉంది, అది నిరాధారమేమీ కాదు.

ఈ పత్రం ఒక్కటే చాలదు. మెడికేర్ (ప్రధానంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ చెల్లింపులు కావాలంటే, ఫెడరల్ నిబంధనల ప్రకారం ఒక్కరుండే గదికి కనీసం 100 చదరపు అడుగులు, పంచుకునే గదిలో మనిషికి 80 చదరపు అడుగులు ఉండాలి. 2016 నవంబర్ 28 తరువాత ప్లాను ఆమోదం పొందిన భవనాల్లోనైతే గదికి ఇద్దరిని మించి ఉంచరాదు, ప్రతి గదికీ సొంత మరుగుదొడ్డి, వాష్ బేసిన్ తప్పనిసరి.