నేల చూసి టిక్కెట్టు కొను

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. "యాభై మూడొచ్చాయి అత్తా, ఈ మోకాళ్ళేసుకుని పంక్ రాక్ కచేరీకి, అదే గిగ్‌కి, వెళ్తే బావుంటుందా, చూసినవాళ్ళు నవ్వరూ?" అని రాశావు. నవ్వేవాళ్ళు అక్కడికి రారు తల్లీ. పంక్ బ్యాండు స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ గిగ్‌లో ఒక్కసారి వెనక్కి తిరిగి చూడు, సగం తలలు తెల్లగా, మిగతా సగం బట్టగా కనబడతాయి. బెల్‌ఫాస్ట్‌లో 1977లో మొదలుపెట్టిన కుర్రాళ్ళు వాళ్ళు. ఇవాళ పాడేవాడికీ వినేవాళ్ళకీ ఇంచుమించు ఒకటే వయసు. యూకే సబ్స్ బ్యాండు గాయకుడు చార్లీ హార్పర్ పుట్టింది 1944లో, డెబ్భై దాటాక కూడా ఊరూరా తిరిగి పాడాడు. కాబట్టి నువ్వు వెళ్ళాలి. అయితే మన వయసులో బ్యాండు కంటే ముందు హాలును ఎంచుకోవాలి. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, నీకు ముందే చెబుతున్నాను.

నా మొదటి గిగ్ సంగతి మీ నాన్నకి కూడా పూర్తిగా తెలియదు. 1978 ఏప్రిల్ 30, లండన్ హాక్నీలో మేమున్న ఇంటికి దగ్గర్లోనే విక్టోరియా పార్కు. జాతి వివక్షకి ఎదురు నిలిచిన రాక్ ఎగెనెస్ట్ రేసిజం ఉద్యమం వాళ్ళ కార్నివాల్. అప్పట్లో మా స్కూలు దారిలో గోడల మీద, మనలాంటి వలసవాళ్ళని వెళ్ళగొట్టాలనే నేషనల్ ఫ్రంట్ పార్టీ రాతలుండేవి, సాయంత్రం నాలుగు దాటితే అమ్మ ఒంటరిగా పంపేది కాదు. లైబ్రరీకని చెప్పి వెళ్ళాను. ట్రఫాల్గర్ స్క్వేర్ నుంచి ఊరేగింపుగా వచ్చినవాళ్ళతో పార్కంతా నిండిపోయింది. ఆ రోజు క్లాష్ పాడారు, స్టీల్ పల్స్ పాడారు, నాకు మాత్రం చాలాసేపు వీపులే కనబడ్డాయి. నా ఎత్తు అయిదడుగులని నీకు తెలుసుగా. ఎక్స్‌రే స్పెక్స్ బ్యాండు పాడుతున్నప్పుడు పక్కనున్న ఓ పొడుగాటి అమ్మాయి నా అవస్థ చూసి చంకల కింద చేతులేసి పైకెత్తింది. వాళ్ళ గాయని పోలీ స్టైరీన్ కనబడింది. నాలాగే చామనచాయ, సోమాలీ తండ్రి కూతురు. ఆ గొంతుకి అన్ని వేలమంది ఊగిపోతున్నారు. ఆ నిమిషంన్నర చూసిందాంతోనే నేను పంక్ మనిషినయ్యాను. ఆవిడ 2011లో పోయినప్పుడు సొంతమనిషి పోయినట్టే ఏడ్చాను.

అప్పట్నుంచీ ఏ హాలుకి వెళ్ళినా నేను మొదట చూసేది నేల. చిన్నప్పుడు గుంటూరులో తాతయ్య సినిమాకి తీసుకెళ్తే నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని ఉండేవి గుర్తుందా? ఇక్కడ మనం కొనేది దాదాపు ఎప్పుడూ నేల టిక్కెట్టే, నిలబడి చూడాలి. కాబట్టి ఆ నేల ఎలాంటిదో తెలియాలి. లండన్‌లో బ్రిక్స్‌టన్ అకాడమీ పట్టేది అయిదువేలకి కాస్త తక్కువ. అంత పెద్ద హాలైనా నాకు భయం లేదు, ఎందుకంటే నేల వెనక నుంచి స్టేజీ వైపు ఏటవాలుగా దిగుతుంది. 1929లో సినిమా కోసం కట్టిన హాలు మరి. వెనక నిలబడ్డా ముందువాళ్ళ తలల మీదుగా చూడొచ్చు. మాంచెస్టర్ అపోలో కింది నేల కూడా వాలుగానే ఉంటుంది. లండన్‌లోనే ఉన్న రౌండ్‌హౌస్ సంగతి వేరు. 1847లో రైలింజన్ల షెడ్డుగా కట్టారు, గుండ్రంగా ఇనప స్తంభాలుంటాయి. 1976 జులై 4న అమెరికా పంక్ బ్యాండు రామోన్స్ పాడింది అక్కడే. ఎంత చరిత్ర ఉన్నా, స్తంభం వెనక నిలబడితే నీకు దక్కేది స్తంభమే. తలుపులు తీయగానే వెళ్ళి చోటు చూసుకో.

స్తంభాలంటే హండ్రెడ్ క్లబ్ గురించి చెప్పకుండా ఉండలేను. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో మెట్లు దిగి వెళ్ళాలి. మూడువందల యాభై మంది పడితే ఎక్కువ. పైకప్పు చేతికందేటంత తక్కువ ఎత్తనిపిస్తుంది. 1976 సెప్టెంబర్ 20, 21 తేదీల్లో జరిగిన పంక్ పండగలో సెక్స్ పిస్టల్స్, క్లాష్, డ్యామ్డ్, బజ్‌కాక్స్ అందరూ పాడిన గది అది. స్టేజీ గదికి ఓ చివర కాకుండా పొడుగు గోడ మధ్యలో ఉంటుంది. కాబట్టి గది లోతు తక్కువ, ఎవరూ బ్యాండుకి దూరంగా ఉండరు. గాయకుడి మెడ నరాలు కనబడతాయి. అయితే స్టేజీ ముందే స్తంభాలున్నాయి, వాటిని తప్పించుకుని నిలబడు. ఆ పండగ రెండోరోజు రాత్రి ఎవరో విసిరిన గ్లాసు స్తంభానికి తగిలి పగిలి, పెంకు గుచ్చుకుని ఒకమ్మాయి కన్ను పోయింది. అందుకే బార్‌లో గాజు గ్లాసులో పోస్తున్నారా, ప్లాస్టిక్‌లోనా అన్నది నేనిప్పటికీ చూస్తాను. గాజైతే గుంపుకి దూరంగా, గోడ పక్కన నిలబడతాను.

ఇక చెవులు. ఇక్కడ నా మాట గట్టిగా విను. ఇరవైల్లో నేను స్పీకర్ల గుట్ట పక్కనే నిలబడేదాన్ని, పొట్టిదాన్ని కదా, అక్కడ సందు దొరికేది. ఇప్పుడు రాత్రి దీపం ఆపి పడుకుంటే కుడిచెవిలో ఇలకోడి కూస్తుంది. ఊళ్ళో వర్షాకాలం రాత్రి కూసినట్టే, కాకపోతే ఇది ఆగదు. పదిహేడేళ్ళుగా ఆగలేదు. ఎంతసేపు వింటే చెవికి ముప్పు అన్నదానికి లెక్క ఉంది: 85 డెసిబెల్స్ దగ్గర రోజుకి ఎనిమిది గంటలు, ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ సగం సమయం. వంద దగ్గరకొచ్చేసరికి మిగిలేది పావుగంట. పంక్ గిగ్ వంద తేలిగ్గా దాటుతుంది, గంటన్నర సాగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో హాళ్ళకి పెట్టిన హద్దు కూడా పావుగంట సగటున వంద డెసిబెల్సే. హాల్లో చెవుల్లో పెట్టుకునే ఇయర్‌ప్లగ్స్ అందుబాటులో ఉండాలని, కాసేపు చెవులకి విశ్రాంతినిచ్చే నిశ్శబ్దపు చోటు ఉండాలని కూడా చెప్పింది. బార్ దగ్గర ఇయర్‌ప్లగ్స్ పెట్టే హాలంటే నాకు గౌరవం. మన బాగు కోరేవాళ్ళు అక్కడున్నారన్నమాట.

పసుపురంగు నురగవి పెట్టుకుంటే పాట దుప్పటి కింద నుంచి విన్నట్టుంటుంది. సంగీతం వాళ్ళ కోసం చేసినవి కొనుక్కో, లోపల చిన్న ఫిల్టరుంటుంది, గిటారు గిటారులాగే వినబడుతుంది, మోత తగ్గుతుందంతే. పెట్టుకునేటప్పుడు రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైకొసను కాస్త పైకి, వెనక్కి లాగి పట్టుకో. అప్పుడు రంధ్రం తిన్నగా అవుతుంది, ప్లగ్ సాఫీగా కూర్చుంటుంది. మొదటి పాటకి ముందే పెట్టుకో, చెవి గింగురుమన్నాక కాదు.

ఎక్కడ నిలబడాలంటే, మిక్సింగ్ డెస్కు దగ్గర. దాని వెనకున్న మనిషి తన చెవికి బాగుండేట్టు శబ్దం సరిచేస్తాడు, ఆ చుట్టుపక్కలే అందరికంటే బాగా వినబడుతుంది. డెస్కుకి చుట్టూ కట్టిన కమ్మీకి ఆనుకోవచ్చు కూడా, నడుముకి సుఖం. మూలల్లో నిలబడకు, అక్కడ బేస్ పేరుకుపోయి పొట్టలో గుబగుబలాడుతుంది, మాటలు తెలియవు.

తలుపుల సంగతి కూడా చెప్పాలి. చాలా ఏళ్ళ క్రితం ఓ చిన్న హాల్లో ఊపిరాడక బయటికి పోదామని ఎగ్జిట్ తలుపు దగ్గరికెళ్తే దానికడ్డంగా బీరు పెట్టెలు నడుమెత్తున పేర్చి ఉన్నాయి. నెట్టుకుని అవతలికి పోవడానికి నలుగురం కష్టపడ్డాం. ఆ రోజు ఏమీ జరగలేదు, అదృష్టం. మళ్ళీ అక్కడికి వెళ్ళలేదు. బ్రిక్స్‌టన్‌లో 2022 డిసెంబర్‌లో తలుపుల దగ్గర తొక్కిసలాటలో ఇద్దరు చనిపోయారు, హాలు మూసేసి 2024 ఏప్రిల్‌లో కొత్త షరతులతో తెరిచారు. లోపలికి వెళ్ళగానే రెండో దారి ఎక్కడుందో చూడు, నడిచి వెళ్ళి చేత్తో ముట్టుకుని రా. బయట జనం ఒత్తుకుంటుంటే దూరంగా నిలబడు. రెండు పాటలు పోతే పోనీ.

మోకాళ్ళ గురించి మొహమాటపడకు. నా కుడి మోకాలు మార్పించుకున్నాక హాలుకి ముందే రాసి కుర్చీ అడుగుతున్నాను. చాలా హాళ్ళు ఇస్తాయి, తోడు మనిషికి టిక్కెట్టు ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయి. యాటిట్యూడ్ ఈజ్ ఎవ్రీథింగ్ అనే సంస్థ 2000 నుంచి ఇందుకోసమే పోరాడుతోంది. రాసిన ఉత్తరానికి ఎంత మర్యాదగా, ఎంత త్వరగా జవాబిచ్చారన్నదాన్ని బట్టే ఆ హాలేమిటో సగం తెలిసిపోతుంది. కూర్చునే చూడాలనుంటే లండన్ షెపర్డ్స్ బుష్ ఎంపైర్‌లో బాల్కనీ తీసుకో, 1903 నాటి నాటకాల హాలు. పై అంతస్తు మాత్రం బాగా నిటారు, కళ్ళు తిరిగేవాళ్ళకి వద్దు.

సాయంత్రం అయిదింటికి పెరుగన్నం తిని బయల్దేరు. గట్టి బూట్లు, చిన్న సంచి, మాత్రలు. స్టేజీ ముందు జనం తోసుకుంటూ ఎగిరే పిట్‌లోకి వెళ్ళాలనిపిస్తే రెండు పాటలకి అంచున దిగు. పడితే చుట్టూ ఉన్నవాళ్ళు లేపుతారు, అది మనవాళ్ళలో మొదట్నుంచీ ఉన్న నియమం, నువ్వూ లేపు.

నీ ప్రశ్నకి వస్తే, లండనా గ్లాస్గోనా అన్నావు. గ్లాస్గో. బారోలాండ్ బాల్‌రూమ్. తోపుడుబళ్ళు అద్దెకిచ్చి సంతనే నిలబెట్టిన మ్యాగీ మెకైవర్ అనే ఆవిడ 1934లో కట్టించింది. 1958లో కాలిపోతే మళ్ళీ కట్టి 1960లో తెరిచారు. పట్టేది రెండువేలకి కాస్త తక్కువ. మెట్లెక్కాలి, నేల సమతలం, నా ఎత్తుకి అది కష్టమే. కానీ నాట్యం కోసం వేసిన చెక్కనేల అది, అడుగు వేస్తే కాస్త దిగి మళ్ళీ పైకి లేస్తుంది. వందలమంది ఒక్కసారి ఎగిరితే నిలబడ్డ మనం కూడా లేస్తాం. కాంక్రీటు మీద రెండు గంటలు నిలబడ్డ మోకాలికీ, ఆ చెక్క మీద నిలబడ్డ మోకాలికీ మర్నాడు పొద్దున తేడా తెలుస్తుంది. స్టిఫ్ లిటిల్ ఫింగర్స్ ఏళ్ళ తరబడి సెయింట్ ప్యాట్రిక్స్ డే అనే ఐరిష్ పండగ రోజుల్లో అక్కడే పాడుతున్నారు, ఆ నేలకి వాళ్ళ పాటలన్నీ కంఠతా వచ్చేసి ఉంటాయి.

రెండు టిక్కెట్లు నేనే తీస్తాను, రాత్రికి అక్కడే ఉండి పొద్దున రైలెక్కుదాం. ఇయర్‌ప్లగ్స్ ఓ జత నిన్ననే పోస్టులో వేశాను. అందగానే వంటింట్లో మిక్సీ ఆన్ చేసి, పెట్టుకుని చూడు. సరిగ్గా కూర్చోకపోతే ఫోన్ చెయ్యి, ఇంకో సైజు పంపిస్తాను.

మీ అత్త