ఫోన్‌లో చేసే జానపద పాటకు శాచురేషన్ ఎక్కడ, ఎంత?

తమ్ముడూ, ఫోన్‌లోనే బతుకమ్మ పాట చేస్తున్నానని రాశావు. బేస్ ఫోన్ స్పీకర్‌లో వినపడటం లేదు, మొత్తం పాట మీద డిస్టార్షన్ వేస్తే గొంతు, డప్పు అన్నీ గరగరమంటున్నాయి, ఏ యాప్ కొనాలి అని అడిగావు. అప్పుడే ఏదీ కొనకు. నేను హనుమకొండలో కొన్నేళ్లుగా ఫోన్ మీదే జానపద పాటలకు మ్యూజిక్ చేస్తున్నాను. యాప్ మారిస్తే తీరే సమస్య కాదిది. ఎఫెక్ట్‌ను ఏ ట్రాక్ మీద వేస్తున్నావన్నదే అసలు సంగతి.

బేస్‌తో మొదలుపెడదాం. నా మొదటి బతుకమ్మ పాటలో బేస్ 55 హెర్ట్జ్ నోట్ మీద ఉండేది. హెడ్‌ఫోన్స్‌లో గుండె అదిరేది. మా వదిన ఫోన్‌లో పెడితే చప్పట్లు, గొంతు తప్ప ఏమీ లేదు. 200 హెర్ట్జ్ కంటే కింది శబ్దాన్ని చిన్న స్పీకర్ సరిగా పలికించలేదు, అందుకే అలా అయింది. శాచురేషన్ అంటే తేలికపాటి డిస్టార్షనే. అది వేస్తే అదే నోట్‌కు 110, 165, 220, 275 దగ్గర హార్మోనిక్స్, అంటే దాని రెట్టింపు, మూడింతలు ఇలా పైన ఉండే శబ్దాలు పుడతాయి. స్పీకర్ వాటిలో పైవాటిని పలికిస్తే చాలు, కింది నోట్ లేకపోయినా మన చెవి దాన్ని పట్టుకుంటుంది. మన పాటలు ఎక్కువమంది వినేది ఫోన్‌లోనే కాబట్టి, శాచురేషన్ అసలు పని ఇక్కడే అని నా నమ్మకం.

బేస్ ట్రాక్‌కు ఒక కాపీ చేయి. అసలుది ముట్టుకోకు. కాపీ మీద డ్రైవ్ (శాచురేషన్ ఎంత గట్టిగా పడాలో చెప్పే నాబ్) బాగా పెంచి, ఈక్యూతో (ఏ ఫ్రీక్వెన్సీ ఎంత వినపడాలో సర్దే ఎఫెక్ట్) 150 హెర్ట్జ్ కింద కోసేయి. తర్వాత దాని వాల్యూమ్ సున్నా నుంచి మెల్లగా పెంచుతూ ఫోన్ స్పీకర్‌లోనే విను. నోట్ ఏదో తెలిసిన చోట ఆగు.

డప్పు మీద మాత్రం వేయకు. కాచిన తోలు మీద సిర్ర (లావు కర్ర) దెబ్బ ఎలాగూ పదునే. డ్రైవ్ ఆ పదునును చదును చేసి, సిర్రకూ, సన్నగా ఉండే చిటికెన పుల్లకూ ఉన్న తేడాను తినేస్తుంది. ఆ తేడా పోతే దరువే పోతుంది. ఒకసారి నేను ఫోన్‌ను డప్పుకు రెండడుగుల దూరంలో పెట్టి రికార్డ్ చేశాను. మీటర్ ఎరుపులోకి పోయింది. శాచురేషన్‌లో కలిసిపోతుందిలే అనుకున్నాను, పగుళ్లు ఇంకా పెద్దవయ్యాయి. డప్పు కొట్టిన అన్నను మర్నాడు మళ్లీ పిలిచి కొట్టించుకోవాల్సి వచ్చింది, అందుకు ఇప్పటికీ బాధగానే ఉంది. ఇప్పుడు ఆరేడడుగుల దూరం, కొంచెం పక్కకు పెడతాను. పెద్ద దెబ్బ కూడా మీటర్‌లో మైనస్ 10 డెసిబెల్స్ దాటకుండా చూసుకుంటాను.

గొంతులో వచ్చే గరగరకు కారణం వేరు. 44,100 శాంపిల్ రేటులో, అంటే శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచే రికార్డింగ్‌లో, 22,050 హెర్ట్జ్ పైన ఏదీ నిలవదు. 8,000 హెర్ట్జ్ దగ్గరుండే 'స'కారం మీద డ్రైవ్ వేస్తే ఐదో హార్మోనిక్ 40,000 దగ్గర పుట్టాలి. దానికి చోటు లేక 4,100కు మడతపడి వస్తుంది. పాట శృతితో దానికి సంబంధమే ఉండదు, అందుకే చెవికి గుచ్చుకుంటుంది. ఓవర్‌శాంప్లింగ్ (ఎఫెక్ట్ లోపల శాంపిల్ రేటు పెంచి ఈ మడతను తగ్గించేది) ఆప్షన్ ఉంటే ఆన్ చేయి. లేకపోతే డ్రైవ్‌కు ముందే ఈక్యూతో పైభాగం కొంచెం తగ్గించు. ఎఫెక్ట్ పడ్డ శబ్దం ఎంత కలవాలో చెప్పే మిక్స్ నాబ్ గొంతుకు పది, పదిహేను శాతం చాలు.

ఇంకో మాట. డ్రైవ్ పెంచితే శబ్దం కూడా పెరుగుతుంది. పెద్దగా వినపడేదేదైనా చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది. అవుట్‌పుట్ తగ్గించి, ఎఫెక్ట్ ఉన్నా లేకపోయినా ఒకే వాల్యూమ్ వచ్చేలా చేసి పోల్చు. ఇలా పోల్చినప్పుడు నేను సగం సార్లు ఎఫెక్ట్ తీసేశాను.

యాప్‌ల విషయానికి వస్తే, ఆండ్రాయిడ్‌లో ఉచితంగా దొరికే బ్యాండ్‌ల్యాబ్ దీనికి సరిపోతుంది. ఐఫోన్ అయితే గ్యారేజ్‌బ్యాండ్‌లో ఆంప్‌లు, పెడల్స్ ఉన్నాయి, ఏయూవీ3 ప్లగిన్లు (మ్యూజిక్ యాప్ లోపల వాడుకునే అదనపు ఎఫెక్టులు) కూడా అందులో పనిచేస్తాయి. ఐప్యాడ్ ఉంటే ఫ్యాబ్‌ఫిల్టర్ శాటర్న్ 2 అనే శాచురేషన్ ప్లగిన్ చాలా మంచిది. శబ్దాన్ని ఆరు బ్యాండ్ల (ఫ్రీక్వెన్సీ భాగాల) వరకు విడగొట్టి ఒక్కోదానికి వేరే డ్రైవ్ ఇవ్వొచ్చు. కానీ ఖరీదు, మొదటి పాటకు అవసరం లేదు.

ఈ రాత్రి ఎఫెక్టులన్నీ ఆపి డప్పు ట్రాక్ ఒక్కటే వైరు ఇయర్‌ఫోన్స్‌లో విను. అప్పుడూ గరగర ఉంటే అది రికార్డింగ్‌లోనే పగిలింది, మళ్లీ కొట్టించుకోవాల్సిందే. శుభ్రంగా ఉంటే నేరుగా బేస్ పనికి వెళ్లు.