మా బిడ్డ కంటి మందుల రీసెర్చ్ అంటోంది, లక్ష కట్టమంటారా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. నాలుగెకరాల వరి చేస్తం. మా బిడ్డ నల్లగొండల బీఫార్మసీ మూడో సంవత్సరం. పోయినేడు కోతలప్పుడు మా తమ్మునికి కంట్ల వరి ఆకు కోసుకుంది. మెడికల్ షాపుల ఇచ్చిన చుక్కలు వేసుకుంటే రెండు రోజులు మంచిగనే ఉండె, తర్వాత పుండు ముదిరి పువ్వు పడింది. అప్పటి సంది బిడ్డ కంటి మందుల మీద, కంటి దెబ్బల మీద క్లినికల్ రీసెర్చ్ చేస్తనంటోంది. అమీర్‌పేటల ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు లక్షకు పైన కడితే ఆరు నెలల్ల సర్టిఫికెట్, ఉద్యోగం గ్యారంటీ అంటున్నరు. కట్టమంటరా? మనుషుల మీద ప్రయోగాలంటే నాకు భయమే. పైగా ఆడపిల్ల, ఊర్లు తిరిగే పనా ఇది?

జవాబు: లక్ష కట్టొద్దు. ఉద్యోగం గ్యారంటీ అని నోటితో చెప్పేవాళ్లను ఆ మాట కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, అక్కడే తేలిపోతుంది. అలాంటి చోట ముఖ్యంగా నేర్పేది జీసీపీ, అంటే ట్రయల్స్ (మనుషుల మీద మందుల పరీక్షలు) నడిపే పద్ధతులు. దాని ప్రాథమిక కోర్సు ఆన్‌లైన్‌లో ఉచితంగానే దొరుకుతుంది. మీ అమ్మాయి సెలవుల్లో ఇంట్లో కూర్చుని పూర్తి చేయగలదు.

మీ తమ్ముడికి జరిగిన దాని చుట్టూ ఇప్పటికే పెద్ద పరిశోధనే జరిగింది. వరి ఆకో, పత్తి కట్టో గీరుకుంటే నల్లగుడ్డు మీద చిన్న గాయమవుతుంది. అందులోకి ఫంగస్, అంటే బూజు లాంటి క్రిమి, చేరితే పుండు పడుతుంది. మీ తమ్ముడు వేసుకున్న ఆ చుక్కల సీసా ఇంట్లో ఉంటే లేబుల్ మీ అమ్మాయినే చదవమనండి, డెక్సామెథసోన్ లాంటి స్టెరాయిడ్ ఉందేమో చూడమనండి. స్టెరాయిడ్ ఎరుపు, మంట తగ్గిస్తుంది కాబట్టి మందు పనిచేసిందనిపిస్తుంది, లోపల ఫంగస్ మాత్రం పెరుగుతూ పోతుంది.

ఈ పుండుకు ఏ మందు మంచిదో తేల్చడానికి మదురైకి చెందిన అరవింద్ కంటి ఆసుపత్రులు, అమెరికా పరిశోధకులు కలిసి ఒక ట్రయల్ చేశారు. 323 మంది రోగులు. సగం మందికి పాత మందు నాటమైసిన్, సగం మందికి కొత్తదైన వోరికొనజోల్. కొత్తది కంట్లోకి బాగా దిగుతుందని చాలామంది డాక్టర్లకు నమ్మకం. 2013లో ఫలితాలు వస్తే పాత మందే గెలిచింది, ముఖ్యంగా ఫ్యుజేరియం అనే ఫంగస్ విషయంలో. ఇలా పక్కపక్కన పెట్టి చూడకపోతే ఖరీదైన మందే గొప్పదనుకుంటూ వాడేవాళ్లం. మీకు భయం కలిగించే ఆ ప్రయోగం చేసే పని ఇదీ.

భయానికి కారణం లేకపోలేదు, అందుకే చట్టం గట్టిగా ఉంది. 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం ఎథిక్స్ కమిటీ, అంటే రోగుల మేలు, హక్కులు చూసే కమిటీ, ఒప్పుకోనిదే ట్రయల్ మొదలవదు. ఆ కమిటీలో డాక్టరు కాని మామూలు మనిషి కూడా ఉండాలి. రోగికి అర్థమయ్యే భాషలో చెప్పి సంతకం తీసుకోవాలి. చదువు రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండాలి. ఎప్పుడు వద్దనుకున్నా బయటికి రావచ్చు. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలి. కాగితం మీదున్నదంతా ప్రతిచోటా జరుగుతుందని నేననను. సరిగ్గా జరిగేలా చూసే మనిషి కావాలి, ఆ మనిషినే క్లినికల్ రీసెర్చ్ కోఆర్డినేటర్ అంటారు. మీ అమ్మాయి మొదటి ఉద్యోగం ఇదే కావాలని నా సలహా.

ఆ పని ఎలా ఉంటుందో చెప్తాను. నాటమైసిన్ తెల్లగా, అడుగున పేరుకునే మందు. బాగా కుదిపి వేయాలి. ఆ ట్రయల్‌లో పుండు మీద పొర మానేదాకా మెలకువగా ఉన్నంతసేపూ గంటకో చుక్క వేయమన్నారు. పొలం పనికి పోయే మనిషికి అది ఎంత కష్టమో మీకు వేరే చెప్పాలా? వారం తర్వాత వచ్చిన రోగిని “మందు వేసుకున్నారా?” అంటే “వేసుకున్న మేడం” అంటాడు. సీసా చూస్తే నిండుగా ఉంటుంది. అప్పుడు కసురుకోకుండా కూర్చోబెట్టి, ఎవరు వేశారు, పొలం కాడికి సీసా తీసుకుపోయారా, కుదిపి వేశారా అని అడిగి, ఉన్నది ఉన్నట్టు రాయాలి. నిజం రాయకపోతే మందు పనిచేయలేదా, మందు వేయలేదా అన్నది ఎవరికీ తెలియదు. పల్లె మనిషి ఎక్కడ మొహమాటపడి అబద్ధమాడతాడో మీ బిడ్డకు తెలిసినంతగా నగరంలో పుట్టి పెరిగిన పిల్లకు తెలియదు. ఇంగ్లిష్ రెజ్యూమెలో దీనికి కాలమ్ ఉండదు కానీ ఇంటర్వ్యూలో చెప్పుకోవాల్సింది మాత్రం ఇదే.

ఇప్పుడు చేయాల్సింది. కేంద్ర వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ నడిపే సీటీఆర్ఐ అనే వెబ్‌సైట్ ఉంది. 2009 జూన్ నుంచి దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్‌నూ అందులో నమోదు చేయాల్సిందే. అందులో ‘కెరటైటిస్’ (నల్లగుడ్డు వాపు) అని, ‘కార్నియల్ అల్సర్’ (నల్లగుడ్డు మీద పుండు) అని వెతికితే ఏ ఆసుపత్రిలో ఏ మందు మీద జరుగుతోందో, ఎవరిని సంప్రదించాలో ఫోన్ నంబరుతో సహా కనబడుతుంది. అది ముందేసుకుని హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి, మెహిదీపట్నం సరోజినీదేవి ఆసుపత్రికి ఇంటర్న్‌షిప్ కోసం ఉత్తరం రాయాలి. ఫలానా ట్రయల్ చూశాను, ఫలానా పని నేర్చుకుంటానని రాస్తే ఎవరైనా ఒకసారి చదువుతారు. బీబీనగర్ ఎయిమ్స్ కూడా ఉంది, ప్రాజెక్టు పోస్టుల నోటిఫికేషన్లు చూస్తుండమనండి.

ఇది మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. 1996 నుంచి 2000 వరకు ఎల్వీ ప్రసాద్ వాళ్లు అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో నాలుగు చోట్ల 10,293 మంది కళ్లు పరీక్షించారు. ఆ నాలుగింటిలో పాత మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా ఒకటి. పల్లెల్లో కంటి దెబ్బల లెక్కలు కూడా ఆ సర్వేలోంచే వచ్చాయి. పాలమూరు మనుషుల దగ్గర సేకరించిన సమాచారాన్ని ఇప్పటికీ పరిశోధకులు చదువుతున్నారు. మీ అమ్మాయి కూడా ఆ వ్యాసాలు చదివితే ఇంటర్వ్యూలో పనికొస్తాయి.

బీఫార్మసీ తర్వాత ఎంఫార్మసీలో ఫార్మకాలజీ (మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో చెప్పే శాస్త్రం) రెండేళ్లు, లేదంటే బీఫార్మసీ చదివినవాళ్లు చేరే మూడేళ్ల పోస్ట్ బాకలారియేట్ ఫార్మ్‌డీ. రోగుల మధ్య పని కావాలంటే రెండోదే నయం, అందులో ఏడాది ఆసుపత్రిలోనే గడుస్తుంది. ఖర్చు ఆలోచిస్తే జీప్యాట్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఫార్మసీలో స్టైపెండ్ తెచ్చుకోవడం మేలు. ఏదైనా సరే, ముందు ఒక ఏడాది కోఆర్డినేటర్‌గా చేసి చూశాకే పీజీ అంటాను. మొదట్లో జీతం తక్కువే ఉంటుంది, ఇంట్లో దానికి మీరు సిద్ధపడాలి.

తిరుగుడు సంగతి: కోఆర్డినేటర్ ఆసుపత్రిలోనే ఉంటుంది, ఇంటికీ డ్యూటీకీ మధ్యే తిరుగుడు. ఊర్లు తిరిగేది మానిటర్లు, కంపెనీ తరఫున ఆసుపత్రులకు పోయి రికార్డులు సరిచూసేవాళ్లు. వాళ్లకు జీతం ఎక్కువ, నెలలో చాలా రోజులు బయటే. మందుల దుష్ఫలితాల రిపోర్టులు చూసే ఫార్మకోవిజిలెన్స్ ఉద్యోగాలు హైదరాబాద్ ఆఫీసుల్లోనే ఉంటాయి, కానీ అక్కడ రోగి కనబడడు, కంప్యూటరే కనబడుతుంది. బాబాయి కన్ను చూసి ఈ దారి పట్టిన పిల్లకు అది నచ్చుతుందో లేదో మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. ఆ లక్ష మాత్రం పీజీ ఫీజుకు, మొదటి ఏడాది హాస్టల్‌కు దాచి పెట్టండి.