అన్నం ఉడికేలోపు ఒక బొమ్మ

మీరు ట్యాబ్ మీద బొమ్మలు బాగానే వేస్తున్నారు, కాగితం మీద రోజూ వేద్దామంటే నాలుగో రోజుకే ఆగిపోతోంది, ఏ సామాను కొనమంటారు అని శ్రీకాకుళం నుంచి అడిగారు. నాదీ శ్రీకాకుళమేనండీ. నేనూ రెండుసార్లు ఆగిపోయి మూడోసారి నిలబడ్డాను. ముందు ఏమీ కొనకండి.

వడ్డాది పాపయ్య గారు 1921లో పుట్టింది మన ఊళ్లోనే. మా తాతగారి పాత చందమామల అట్టల మీద ఆయన బొమ్మలు చూసే నాకు గీయాలనిపించింది. మొదటిసారి నా బొమ్మ పక్కన ఆ అట్ట పెట్టి చూసుకుని నీరుగారిపోయాను. రెండోసారి బొమ్మలు వేసే మందపాటి కాగితం, అదే మంచి కార్ట్రిడ్జ్ పేపర్, పుస్తకం కొన్నాను. అంత ఖరీదైన కాగితం పాడుచెయ్యడానికి చెయ్యే రాలేదు.

మూడోసారి పిల్లల నోటుపుస్తకాల్లో మిగిలిన కాగితాలు సగానికి కోసి, పురికొసతో కుట్టి, వంటింట్లో ఉప్పు డబ్బా పక్కన పెట్టాను. మెత్తగా, నల్లగా గీసే 4బి పెన్సిల్ ఒకటి, చెక్కడానికి బ్లేడు. రబ్బరు లేదు. ఎసట్లో బియ్యం పోశాక గంజి వార్చేదాకా ఎలాగూ అక్కడే ఉండాలి కదా, అదే నా బొమ్మ వేళ.

ఏం వెయ్యాలా అని రోజూ వెతుక్కోకండి. మన జిల్లా బుడితిలో చేసిన మా అత్తగారి ఇత్తడి చెంబునే నలభై రోజులు వేశాను. మొదటి వారమంతా మూతి గుండ్రంగా గీసేశాను, చెంబు మూతి గుండ్రమని తెలుసు కాబట్టి. తర్వాత చూశాను కదా, నిలబడితే అది కోలగా కనిపిస్తోంది, వంగి కంటి ఎత్తుకి వస్తే సన్న గీతైపోతోంది. మెడ కింద కిటికీ వెలుగు గోరంత పడుతుంది. అక్కడ పెన్సిల్ ఆనించకుండా వదిలితేనే ఇత్తడి మెరుస్తుంది. ట్యాబ్‌లో తెల్లరంగు తర్వాతైనా పైన వేసుకోవచ్చు, కాగితం మీద ముందే చూసి వదలాలి. నాకు కాగితమంటే ఇంత ఇష్టం ఇందుకేనండీ.

చెయ్యి కాస్త తిరిగాక చింతబొగ్గు చేసుకోండి. శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు బట్ట మీద తొలి గీతలు గీసేది దీంతోనే. పెన్సిలంత లావు చింతపుల్లలు బెరడు తీసి ఎండబెట్టి, రేకు డబ్బాలో ఇరికించి, మూతకి మేకుతో చిన్న కన్నం పెట్టి నిప్పుల్లో ఉంచాలి. కన్నంలోంచి పొగ ఆగిపోయాక తీసి, డబ్బా పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. నేను తొందరపడి వేడిమీదే తెరిస్తే గాలి తగిలి పుల్లలన్నీ బూడిదైపోయాయి. బొగ్గు బొమ్మ చెయ్యి తగిలితే చెరిగిపోతుంది, మధ్యలో బటర్ పేపర్ పెట్టుకోండి.

వానాకాలంలో చెమ్మకి కాగితం మెత్తబడి జెల్ పెన్ను సిరా పాకుతుంది, అప్పుడు పెన్సిలే నయం.

ఒకరోజు తప్పితే మర్నాడు రెండు వెయ్యాలని కూర్చోకండి. జ్వరమొచ్చిన రోజు నేను తేదీ వేసి చెంబు మూతి ఒక్కటే గీశాను. ఆ పేజీ చింపలేదు.