మాస్టర్ మీటర్ ఎర్రబడుతుంటే

మీరు రికార్డు చేసిన పాటలో ఒక్కో ట్రాక్ విడిగా వింటే బాగుంది, అన్నీ కలిపితే మాస్టర్ (ట్రాకులన్నీ కలిసే చివరి ఛానెల్) మీటర్ ఎర్రగా వెలిగి పాట పగులుతోంది అన్నారు కదా. తప్పు మీ మైకుది కాదండీ, కూడికది. ఒకే శబ్దం రెండు ట్రాకుల్లో సమానంగా ఉంటే చాలు, లెవెల్ 6 డీబీ (డెసిబెల్) పెరుగుతుంది. మీ పాటలో గొంతు, హార్మోనియం, తబలా కలిపి 12 ట్రాకులున్నాయి.

మాస్టర్ ఫేడర్ (లెవెల్ పెంచే, దించే మీట) ఒక్కటే దించకండి. మాస్టర్ మీద మీరు పెట్టిన కంప్రెసర్‌కి (పెద్ద శబ్దాల్ని అణిచే సాధనానికి) అప్పటికే ఎక్కువ లెవెల్ చేరిపోతుంది. ట్రాకులన్నీ సెలెక్ట్ చేసి ఒకేసారి 8 డీబీ తగ్గించండి, బ్యాలెన్స్ చెదరదు. మాస్టర్ పీక్, అంటే మీటర్ చేరే గరిష్ఠ లెవెల్, మైనస్ 6 డీబీ దగ్గర ఆగితే నిశ్చింత. పాట చిన్నగా వినిపిస్తోందని టెన్షన్ వద్దు, స్పీకర్ వాల్యూమ్ పెంచుకుని వినండి.

తర్వాత తబలా సోలో చేసి, అంటే అదొక్కటే వినిపించేలా పెట్టి, మీటర్ చూడండి. డగ్గా (తబలా జోడీలో పెద్దది) మీద దెబ్బ పడ్డప్పుడల్లా ఎగిరిపడుతుంది, చెవికి మాత్రం అంత తెలియదు. ఆ దెబ్బల్నే రెండు మూడు డీబీ దించితే బోలెడు చోటు మిగులుతుంది. గొంతు ట్రాకులో 80 హెర్ట్జ్ కింద ఉండేది దాదాపు ఫ్యాన్ గాలి, స్టాండు అదురే. తీసేయండి.

రికార్డింగ్‌లోనే పగిలిన చోట్లు మాత్రం ఫేడర్‌తో బాగుపడవు. ఆ చరణం మళ్లీ పాడాల్సిందే, రికార్డింగ్ సెట్టింగ్ 24 బిట్‌లో పెట్టి, పీక్ మైనస్ 12 డీబీ దాటకుండా.