స్విఫ్ట్‌కి టర్బో వస్తే పవర్ ఎంత, ధర ఎంత? దాని కోసం ఆగొచ్చా?

మీరు అడిగింది ఇదీ: పది లక్షల లోపు స్పోర్టీగా ఉండే చిన్న కారు కావాలి, మారుతీ స్విఫ్ట్‌లో టర్బో (ఇంజన్‌లోకి గాలిని ఎక్కువగా నెట్టి బలం పెంచే పరికరం) వెర్షన్ వస్తే పవర్, ధర, ఫీచర్లు ఎలా ఉంటాయి, ఆగితే మంచిదా అని. వైజాగ్‌లోనే ఉంటానని, నెలకోసారి అరకు వెళ్తానని కూడా రాశారు కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. ఇలాంటి కారు కోసం నేనూ మూడేళ్ళు ఎదురుచూశాను.

2018 ఫిబ్రవరిలో ఆటో ఎక్స్‌పోలో అప్పటి కొత్త స్విఫ్ట్ మనకి విడుదలైంది. అప్పటికే జపాన్‌లో స్విఫ్ట్ స్పోర్ట్ అమ్ముతున్నారు. 1.4 లీటర్ బూస్టర్‌జెట్ (సుజుకీ టర్బో ఇంజన్ పేరు), పవర్ 140 పీఎస్, టార్క్ అంటే లాగే బలం 230 ఎన్ఎం, బరువు చూస్తే 970 కిలోలే. ఇవాళ కాకపోతే రేపు ఇది మన షోరూముల్లోకి వస్తుందని గట్టిగా నమ్మాను. ఇంట్లో కారు అవసరం ఉన్నా వాయిదా వేస్తూ వచ్చాను. అది రాలేదు. ఎందుకు రాదో కాగితం మీద లెక్క వేసుకున్నది ఆ తర్వాతే, ఆ లెక్కే మీకు చెప్పాలని ఇదంతా రాస్తున్నాను.

మన దేశంలో చిన్న కారుకి పన్ను తక్కువ పడాలంటే పొడవు 4 మీటర్లు దాటకూడదు, పెట్రోల్ ఇంజన్ 1200 సీసీ దాటకూడదు. అప్పట్లో ఆ గీత లోపల ఉంటే జీఎస్టీ, సెస్ కలిపి 29 శాతం, పొడవు సరిపోయినా ఇంజన్ గీత దాటితే 45 శాతం. 2025 సెప్టెంబర్ 22 నుంచి అవి 18, 40 అయ్యాయి. రెండూ తగ్గాయి గానీ మధ్యలో తేడా 16 నుంచి 22కి పెరిగింది. పన్నుకి ముందు 7 లక్షలయ్యే కారు తీసుకోండి. 18 శాతంతో 8.26 లక్షలు, 40 శాతంతో 9.80 లక్షలు. ఇంజన్ పెద్దదైన ఒక్క కారణానికే లక్షన్నర పైన! అందుకే 1.4 లీటర్ ఆశ మాత్రం వదిలేయండి.

మరి ఏ ఇంజన్ వస్తుంది? మారుతీ కంపెనీ వంటింట్లో పోపుల పెట్టె తెరిచి చూడాలి. స్పోర్టీ వెర్షన్లు మన దగ్గర తక్కువే అమ్ముడవుతాయి, వాటి కోసం ఎవరూ కొత్త ఇంజన్ తయారు చేయరు. ఇంట్లో ఉన్న దినుసులతోనే వండుతారు. 2024 జూన్‌లో వచ్చిన టాటా ఆల్ట్రోజ్ రేసర్ చూడండి, 120 పీఎస్, 170 ఎన్ఎం. అది టాటా వాళ్ళదే నెక్సాన్ 1.2 టర్బోలో అప్పటికే ఉన్న అంకె. 2021లో వచ్చిన హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్‌కి 120 పీఎస్, 172 ఎన్ఎం. అప్పటి మామూలు ఐ20 టర్బోలో ఉన్నదీ అదే. 2017లో మారుతీ బాలెనో ఆర్ఎస్ 1.0 బూస్టర్‌జెట్‌తో 102 పీఎస్ ఇచ్చింది. ఇప్పుడు మారుతీ ఫ్రాంక్స్‌లో ఉన్నదీ 1.0 బూస్టర్‌జెట్టే, 100 పీఎస్, 148 ఎన్ఎం. 1200 సీసీ గీత లోపలే ఉంది. కాబట్టి టర్బో స్విఫ్ట్ వస్తే నా అంచనా 100 పీఎస్, 148 ఎన్ఎం. అటూ ఇటూగా రెండు మూడు పీఎస్, అంతే.

ఎక్కడైనా పత్రాల్లో కిలోవాట్లలో అంకె కనిపిస్తే దాన్ని 1.36తో గుణించండి, పీఎస్ వస్తుంది. 73.5 కిలోవాట్లు అంటే 100 పీఎస్. దాన్నే బీహెచ్‌పీ అనే ఇంకో కొలతలో రాస్తే 98.6. ఒకే ఇంజన్‌కి మూడు చోట్ల మూడు అంకెలు కనిపించేది అందుకే.

100 అంటే తక్కువ కదా అనిపించొచ్చు. ఇప్పటి స్విఫ్ట్ 82 పీఎస్, 112 ఎన్ఎం, బరువు సుమారు 920 కిలోలు. టర్బోతో 950 అయిందనుకున్నా టన్నుకి 105 పీఎస్ పడుతుంది. ఇప్పుడున్నది 89. రోడ్డు మీద ఆ తేడా బాగా తెలుస్తుంది. అయితే అసలు చూడాల్సింది పీఎస్ కాదు, టార్క్. అది ఏ ఆర్పీఎం (ఇంజన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మొదలవుతుందో చూడాలి. అరకు వెళ్ళేవాళ్ళకి ఇది మరీ ముఖ్యం.

నా దగ్గర ఉన్నది 2021 ఐ20 ఎన్ లైన్, ఐఎంటీ. క్లచ్ పెడల్ ఉండదు, గేర్లు మనమే వేసుకోవాలి. మొన్న చలికాలంలో మా బావ వాళ్ళ 2018 స్విఫ్ట్, మాది కలిసి అరకు బయల్దేరాయి. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కాక అనంతగిరికి ఇవతల ఒక ఆర్టీసీ బస్సు ముందు పడింది. వంపు తిరిగాక డ్రైవర్ ఎడమకి జరిగి దారిచ్చాడు. మా బావ మూడో గేరు నుంచి రెండుకి దించి, ఇంజన్ నాలుగు వేల దాకా అరిస్తేగానీ బండి కదల్లేదు. ఆ 1.2 ఇంజన్‌కి పూర్తి టార్క్ వచ్చేదే 4200 దగ్గర. పైగా ఐదుగురు మనుషులు, ఏసీ, డిక్కీ నిండా సామాన్లు. వెనకాలే నేను మూడో గేరులోనే పెడల్ కాస్త నొక్కాను. 2000 ఆర్పీఎం దగ్గరే లాగేసింది. వెనక సీట్లో మా పాప నిద్ర కూడా చెదరలేదు.

దాంట్లోనే ఒక ఇబ్బందీ ఉంది. మరీ ఇరుకు హెయిర్‌పిన్ మలుపులో రెండో గేరులో 1200కి పడిపోతే ఒక్క క్షణం బండిలో జీవం ఉండదు, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకి తోస్తుంది. నా కారులో పూర్తి టార్క్ 1500 నుంచి వస్తుంది. ఫ్రాంక్స్ ఇంజన్‌లో 2000 నుంచి. కాబట్టి టర్బో స్విఫ్ట్‌లో ఆ మలుపుల దగ్గర మొదటి గేరుకి దిగడం అలవాటు చేసుకోవాలి. మామూలు స్విఫ్ట్‌లో 4300 దాకా ఎదురుచూడటం కన్నా ఇది నయమే.

ధర లెక్క సులువు. 2023లో ఫ్రాంక్స్ వచ్చినప్పుడు డెల్టా ప్లస్ 1.2కి ఎక్స్-షోరూమ్ ధర 8.72 లక్షలు, అదే వేరియంట్ టర్బోతో 9.72. అంటే టర్బోకి లక్ష. 2024 మేలో స్విఫ్ట్ పై వేరియంట్ జెడ్ఎక్స్ఐ ప్లస్ మాన్యువల్ 8.99 లక్షలకి వచ్చింది. లక్ష కలిపితే 9.99. ఇవి 29 శాతం పన్ను నాటి అంకెలు. 18 శాతానికి దించితే ఎనిమిదిన్నర శాతం తగ్గి 9.14 అవుతుంది. స్టిక్కర్లు, సీట్లు, బంపర్లు కలుపుకుని 9.2 నుంచి 9.6 లక్షల మధ్య అనుకోండి. మాన్యువల్‌ని పది దాటించరనే నా నమ్మకం. మన రాష్ట్రంలో కారు ధర 10 లక్షలు దాటితే లైఫ్ ట్యాక్స్ శాతం పెరుగుతుంది, కారు ధర మీద 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) కూడా పడుతుంది. టీసీఎస్‌ని ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుకోవచ్చు, లైఫ్ ట్యాక్స్ తిరిగి రాదు. ఆటోమేటిక్ అయితే పది దాటొచ్చు.

ఫీచర్ల మీద పెద్దగా ఆశ పెట్టుకోవద్దు. జెడ్ఎక్స్ఐ ప్లస్‌లో ఉన్న 9 అంగుళాల స్క్రీన్, వైర్‌లెస్ చార్జర్, ఆరు ఎయిర్‌బ్యాగులు ఎలాగూ ఉంటాయి. నల్ల సీట్ల మీద ఎర్ర కుట్లు వేస్తారు. నేను గట్టిగా కోరుకునేది వెనక డిస్క్ బ్రేకులు. బాలెనో ఆర్ఎస్‌కి ఇచ్చారు, ఐ20 ఎన్ లైన్‌కి ఉన్నాయి, మామూలు స్విఫ్ట్‌కి లేవు. అరకు నుంచి దిగేటప్పుడు వాటి విలువ తెలుస్తుంది. మీ ఇల్లు బీచ్ వైపు అయితే ఒక మాట. కారు నాలుగు రోజులు కదలకపోతే ఉప్పు గాలికి డిస్కుల మీద నారింజ రంగు తుప్పు పొర కడుతుంది, మొదటిసారి బ్రేక్ వేస్తే గరగరమంటుంది. నాలుగైదు బ్రేకులకి పోతుంది, కంగారు పడకండి.

ఇక ఆగాలా వద్దా? ఇల్లు గడవడానికి కారు ఇప్పుడే కావాలంటే ఆగొద్దు. నేను ఆగిన కాలంలో 2019 సెప్టెంబర్‌లో బాలెనో ఆర్ఎస్ ధర లక్ష తగ్గించారు. అప్పుడు కూడా 140 పీఎస్ వస్తుందనే కొనలేదు. 2020లో ఆ కారే ఆగిపోయింది. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఈ వారంలో ఫ్రాంక్స్ టర్బో, ఐ20 ఎన్ లైన్ రెండూ టెస్ట్ డ్రైవ్ చేయండి. షోరూమ్ చుట్టూ తిప్పి పంపేస్తే ఒప్పుకోవద్దు. ఇంట్లో వాళ్ళందర్నీ ఎక్కించుకుని, ఏసీ వేసి, కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కించండి. మలుపు తిరిగాక రెండో గేరులోనే ఉంచి, బండి ఎన్ని ఆర్పీఎం దగ్గర లాగడం మొదలుపెట్టిందో మీటర్‌లో చూసి ఇక్కడ రాయండి. ఫ్రాంక్స్ లాగుడు మీకు సరిపోతే, అదే ఇంజన్ ఇంకాస్త తేలికైన స్విఫ్ట్‌లో ఎలా ఉంటుందో అప్పుడు మాట్లాడుకుందాం.